దేవుడు మనిషి ఎందుకయ్యాడు? చీరాల సీమలో నరావతార విశ్వాసం

సృష్టికర్త అయిన దేవుడే యేసు అనే మనిషిగా పుట్టాడని, ఆకలిదప్పులు ఎరిగాడని, రోమా ప్రభుత్వం వేసిన సిలువ మీద చనిపోయి తిరిగి లేచాడని క్రైస్తవులు నమ్ముతారు. దీన్నే నరావతార సిద్ధాంతం అంటారు. ఈ నమ్మకం వెంటే ఒక ప్రశ్న కూడా రెండు వేల ఏళ్లుగా నడుస్తోంది. ఒక్క మాటతో లోకాన్ని చేసిన దేవుడికి మనిషి పుట్టుక ఎందుకు? క్షమించదలచుకుంటే ఉన్నచోటి నుంచే క్షమించకూడదా?

యేసు ఎవరన్న విషయం మీద సంఘం సభలు పెట్టి తీర్మానాలు చేసింది. ఎందుకు వచ్చాడన్న దాని మీద మాత్రం అలాంటి తీర్మానం లేదు. మన రక్షణ కోసం దిగివచ్చాడని విశ్వాస ప్రమాణం చెప్పి ఊరుకుంటుంది. ఆ రక్షణ ఎలా జరిగిందో, అందుకు పుట్టుక, చావు ఎందుకు కావలసివచ్చాయో చెప్పే పని వేదాంతులకు, కవులకు, మామూలు విశ్వాసులకు మిగిలింది. చీరాల, ఒంగోలు, గుంటూరు మైదానాల్లోని పల్లెలు కూడా దీనికి తమ జవాబు చెప్పుకున్నాయి. యూరప్ మఠాల్లో పుట్టిన జవాబుల పక్కన దాన్ని పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథాధారం, సభలు

ఆదిలో దేవుని దగ్గర ఉన్న వాక్యమే శరీరం ధరించి మనుషుల మధ్య నివసించిందని యోహాను సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. దేవునితో సమానమైనవాడు తన్ను తాను రిక్తుణ్ణి చేసుకుని, దాసుడి రూపం తీసుకుని, సిలువ మరణం దాకా తగ్గాడంటాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక కారణం కూడా చెబుతుంది. రక్తమాంసాలు గలవారిని చావు భయం నుంచి విడిపించాలంటే ఆయనకూ రక్తమాంసాలు ఉండాలి; శోధన తెలిసినవాడే శోధన పడేవాళ్లకు సాయం చేయగలడు.

మొదటి శతాబ్దాల్లో వచ్చిన పేచీలు రెండు రకాలు. ఆయనది నిజమైన శరీరం కాదు, అలా కనిపించిందంతే అన్నవాళ్లు కొందరు. ఆయన గొప్పవాడే గాని దేవుడంతటివాడు కాదు అన్న అలెగ్జాండ్రియా పెద్ద అరియస్ వంటివాళ్లు మరికొందరు. 325లో నికయా సభ అరియస్ వాదాన్ని తోసిపుచ్చింది. 451లో కల్సెదోను సభ యేసు ఒకే వ్యక్తి అని, ఆయనలో దైవస్వభావం, మానవస్వభావం రెండూ సంపూర్ణంగా ఉన్నాయని, అవి కలగలిసిపోవు, మారిపోవు, చీలిపోవు, విడిపోవు అని నాలుగు హద్దులు గీసింది. చీరాల మగ్గాల దగ్గర పెరిగినవారికి ఇది పడుగూ పేకల మాటగా చెబితే త్వరగా అందుతుంది. పడుగు పేకగా మారదు, పేక పడుగులో కరిగిపోదు, రెండూ ఉంటేనే గుడ్డ. అయితే ఈ పోలిక కొంతదూరమే వస్తుంది. పడుగూ పేకా రెండూ నూలే. సృష్టించినవాడు, సృష్టి అయినవాడు ఒకే జాతి కాదు. కల్సెదోను తీర్మానంలోని సాహసమంతా అక్కడే ఉంది.

పాత జవాబులు

రెండో శతాబ్దం చివర లియోన్ బిషప్ ఇరేనియస్ చెప్పిన జవాబు అన్నింటిలోకీ పాతది. ఆదాము ఎక్కడెక్కడ తప్పటడుగు వేశాడో ఆ దారంతా క్రీస్తు మళ్లీ నడిచి సరిచేశాడన్నాడు. శిశువుల కోసం శిశువై, యువకుల కోసం యువకుడై, బతుకులోని ప్రతి దశనూ ఆయన పావనం చేశాడంటాడు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన అథనాసియస్ ఈ ప్రశ్న మీదే ఒక పుస్తకం రాశాడు. మనిషి నశించిపోతుంటే చూస్తూ ఊరుకోవడం దేవుని మంచితనానికి తగదు. పాపానికి మరణమే ఫలమన్న మాటను వెనక్కి తీసుకోవడం ఆయన సత్యానికి తగదు. కనుక జీవమిచ్చే వాక్యమే చనిపోగల శరీరం తీసుకుని మరణాన్ని లోపలి నుంచి జయించిందని అథనాసియస్ వాదన. మనిషిని దైవజీవంలో పాలివాణ్ణి చేయడానికే దేవుడు మనిషి అయ్యాడన్నది ఆయన ముగింపు. తూర్పు సంఘాలు నేటికీ ఈ బాటలోనే ఉన్నాయి. నీస్సాకు చెందిన గ్రెగొరీ వంటివారు సాతాను చెరలో ఉన్న మనుషులకు క్రీస్తు విమోచన క్రయధనం అయ్యాడన్నారు. దేవుడు సాతానుకు బాకీ పడ్డట్టు మాట్లాడటం ఏమిటని తర్వాతివారికి అది రుచించలేదు.

అన్సెల్మ్ వాదన

ఈ ప్రశ్ననే పేరుగా పెట్టుకున్న పుస్తకం 'కుర్ దేయుస్ హోమో'. రాసినవాడు అన్సెల్మ్ (1033–1109), కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్. ఇంగ్లండులో మొదలుపెట్టి, రాజు విలియం రూఫస్‌తో తగవు వచ్చి దేశం విడిచిన రోజుల్లో, 1098లో ఇటలీలోని కాపువా దగ్గర లిబేరి అనే కొండ ఊళ్లో పూర్తిచేశాడు. గ్రంథమంతా బోసో అనే సన్యాసితో సంభాషణ. చదువుకున్నవాళ్లే కాదు, చదువురానివాళ్లు కూడా ఇదే అడుగుతున్నారని అన్సెల్మ్ మొదట్లోనే అంటాడు. దేవుడు స్త్రీ గర్భంలో పుట్టాడనడం, పాలు తాగి పెరిగాడనడం, అలసిపోయాడనడం దేవుణ్ణి కించపరచడమే కదా అన్న అవిశ్వాసుల ఆక్షేపణను బోసో దాచకుండా ముందు పెడతాడు.

అన్సెల్మ్ తర్కం ఇలా సాగుతుంది. సృష్టి అంతా దేవునికి విధేయత బాకీ. అది ఇవ్వకపోవడమే పాపం. ఆ బాకీ బరువెంతో చూపడానికి ఆయన బోసోకు ఒక పరీక్ష పెడతాడు. నువ్వు దేవుని ఎదుట నిలబడి ఉన్నావు. అటు చూడు అని ఒకరన్నారు, చూడటం నా చిత్తం కాదు అని దేవుడన్నాడు. చూడకపోతే లోకమంతా నశించిపోతుందనుకో, చూస్తావా? బోసో కాసేపు ఆలోచించి, చూడకూడదు అని ఒప్పుకుంటాడు. అంటే దేవుని చిత్తానికి విరుద్ధమైన ఒక్క చూపు కూడా లోకమంత బరువన్నమాట. మరి ఆ బాకీ ఎవరు తీర్చాలి? చేసినవాడు మనిషి గనుక మనిషే తీర్చాలి. తీర్చగలవాడు దేవుడొక్కడే. కాబట్టి తీర్చేవాడు దేవుడూ మనిషీ రెండూ అయి ఉండాలి. పాపం లేనివాడు గనుక ఆయన చావనక్కరలేదు. అలాంటివాడు తనంతట తాను ప్రాణం ఇచ్చాడు గనుక ఆ కానుక అన్ని బాకీలనూ మించిపోయింది.

ఏటా పెట్టుబడికి అప్పు తెచ్చే పత్తి, మిరప రైతుల సీమలో ఈ వాదన చదివితే దేవుడు కనికరం లేని షావుకారులా కనిపించే ప్రమాదం ఉంది. అది అన్సెల్మ్‌కు అన్యాయం చేయడమే. ఆయన చెప్పే దేవుని ఘనతలో అహం లేదు. అది సృష్టి నిలవడానికి ఆధారమైన క్రమం, న్యాయం. పైగా ఇక్కడ అప్పు ఇచ్చినవాడే అప్పు తీరుస్తున్నాడు. అయినా ఒక లోటు ఉంది. క్రీస్తు చావుకు అన్సెల్మ్ ఇచ్చినంత చోటు ఆయన బతుకుకు ఇవ్వలేదు. కుష్ఠురోగిని తాకడం, సుంకరుల ఇంట భోంచేయడం, సమరయ స్త్రీని నీళ్లడగడం ఈ తర్కానికి అక్కరకే రావు.

తరువాతి శతాబ్దంలో పీటర్ అబెలార్డ్ మరో దారి పట్టాడు. దేవుని ప్రేమ ఎంతటిదో కళ్లారా చూపి, మన గుండెల్లో ప్రేమను రగిలించడానికే క్రీస్తు వచ్చాడన్నాడు. మనిషి పాపం చేయకపోయి ఉంటే దేవుడు మనిషి అయ్యేవాడా అని పదమూడో శతాబ్దంలో చర్చ నడిచింది. లేఖనం పాపాన్నే కారణంగా చెబుతోంది గనుక అయ్యేవాడు కాదనడమే సబబని తోమా అక్వినాస్ అభిప్రాయం. పాపం ఉన్నా లేకున్నా వచ్చేవాడే, సృష్టికి శిరస్సు క్రీస్తే అన్నది డన్స్ స్కోటస్ వాదం. 1518లో హైడెల్‌బర్గ్ వాదప్రతివాదాల్లో మార్టిన్ లూథర్, దేవుణ్ణి మహిమలో వెతకవద్దు, సిలువ మీది బలహీనతలోనే చూడాలి అన్నాడు. గుంటూరు సీమ చరిత్రకు దగ్గరగా వచ్చేది ఈ మాటే.

మైదానం మీదికి

అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆయన నాటిన సంఘమే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపుదిద్దుకుంది. చీరాల ఈ లూథరన్ సీమలోదే. మిషన్ ఆసుపత్రి కూడా ఇక్కడ నడిచింది. కన్ఫర్మేషన్‌కు సిద్ధమయ్యే పిల్లలు లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథాన్ని కంఠతా పట్టడం లూథరన్ సంఘాల ఆనవాయితీ. నిత్యదేవుడు, మరియకు పుట్టిన నిజమైన మనిషి అయిన క్రీస్తు వెండి బంగారాలతో కాక తన రక్తంతో నన్ను కొన్నాడన్న సారాంశం అందులో ఉంటుంది. లోకాన్నీ మానవజాతినీ పక్కన పెట్టి 'నన్ను' అనడం లూథర్ ప్రత్యేకత.

చీరాలకు దక్షిణాన ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆ ఏడే తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో పేరయ్య వెనుకటి చరిత్ర ఉంది. ఆయన అంతకుముందే యోగమార్గ గురువుల దగ్గర ఉపదేశం పొందాడు. దేవుడు ఆత్మ, విగ్రహంలో ఇమడడు అన్నది ఆయన అక్కడే నేర్చాడు. అంటే మిషనరీ వచ్చి నిరాకార దేవుణ్ణి గురించి పేరయ్యకు కొత్తగా చెప్పవలసింది లేదు. ఆ నిరాకారుడే ఒక వడ్లవాని ఇంట పెరిగాడన్నది మాత్రం పేరయ్య విన్న కొత్త కబురు. ఈ తేడాను గమనించకుండా మాదిగ పల్లెలు కూటి కోసం మతం మారాయని తేల్చేసేవారు ఆ మనుషుల ఆలోచనను లెక్కలోకి తీసుకోవడం లేదు.

మరుసటి ఏడు క్లౌకు ఒక పరీక్ష ఎదురైంది. ఒంగోలులో బడికీ ఆరాధనకూ వస్తున్న పైకులాలవారు, మాదిగలను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, మొదటి భార్య హారియట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలిందని క్లౌ చెప్పుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకంలో ఎన్నికలేనివారినే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం అది. మాదిగలను విడవకూడదని నిర్ణయం జరిగింది. ధాత కరువులో (1876–78) క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ సంఖ్య మిషన్ చరిత్రల్లో ఎప్పుడూ కనిపిస్తుంది. సంఖ్య కంటే ముఖ్యమైన ప్రశ్న, ఏ క్రీస్తు వారిని కదిలించాడన్నది. కాలువ గట్టున మట్టి మోస్తున్నవారికి బోధకులు ఎక్కువగా చెప్పింది, భారం మోసి అలసినవారిని తన దగ్గరకు రమ్మన్న క్రీస్తు పిలుపు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల మధ్యకు దేవుడే నడిచి వచ్చాడు, పశువుల తొట్టిలో పడుకున్నాడు, ఊరి బయట చంపబడ్డాడు. మాదిగ పల్లె కూడా ఊరి బయటే. పాపపరిహారం అన్న మాట వారి కీర్తనల్లో, ప్రార్థనల్లో నిండుగా ఉంది, దాన్ని కాదనలేం. కాని ఆ పరిహారం కంటే ముందు పొలిమేర దాటి వచ్చిన అడుగు ఉంది.

అందరూ ఆ అడుగును ఒకేలా అనుసరించలేదు. 1882లో భారతదేశానికి వచ్చిన సాల్వేషన్ ఆర్మీ నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఐసీఎస్ ఉద్యోగం వదులుకున్నవాడు. ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, కాషాయ బట్టలు కట్టి, చెప్పులు లేకుండా తిరిగాడు. క్రీస్తు మనిషైనట్టే తామూ భారతీయులం కావాలన్నది ఆ పద్ధతి వెనుక తపన. అదే సంస్థ కొన్ని దశాబ్దాలకు చీరాల, బాపట్ల మధ్యనున్న స్టూవర్టుపురంలో, నేరస్థ తెగల చట్టం కింద ప్రభుత్వం ఏర్పరచిన ఎరుకల సెటిల్‌మెంటును నిర్వహించింది. హాజరు పిలుపులు, అనుమతి లేనిదే ఊరు దాటకూడదన్న ఆంక్షలు అక్కడి బతుకు. బడి, పని, వైద్యం కల్పించారు, నిజమే. పుట్టుకతోనే ఒకరిని నేరస్థుడనే చట్టానికి కాపలా కాయడం మాత్రం మనిషిగా పుట్టిన దేవుని సువార్తకు ఎంతమాత్రం పొసగని పని.

1985 జూలై 17న చీరాలకు సమీపంలోని కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. తాగునీటి చెరువును మురికి చేయవద్దన్నందుకు మొదలైన గొడవ అది. బతికినవారు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ నేపథ్యంలోనే పుట్టింది. ఆ దశకంలోనే అరవింద్ నిర్మల్ వంటి వేదాంతులు దళిత క్రైస్తవ వేదాంతానికి రూపమిచ్చారు. క్రీస్తు దళితుల పక్షాన నిలిచాడనడంతో నిర్మల్ ఆగలేదు, ఆయనే దళితుడన్నాడు. మత్తయి రాసిన వంశావళిలో తామారు, రాహాబు వంటి స్త్రీల పేర్లు ఉండటం, యెరూషలేము పెద్దలు యేసును వెలివేయడం నిర్మల్ చూపిన ఆధారాల్లో ఉన్నాయి. పుస్తకాల్లోకి రాకముందే ఈ మాట పల్లెల్లో ఉంది. దెబ్బలు తిన్న దేవుడు తమవాడేనని అనుకోవడానికి వారికి వేదాంతి అవసరం లేకపోయింది.

దశావతారాల నేలలో

తెలుగు పాఠకుడికి సహజంగా తోచే పోలిక విష్ణువు అవతారాలు. గీత నాలుగో అధ్యాయం అవతారానికి కారణం స్పష్టంగా చెబుతుంది. ధర్మానికి హాని కలిగినప్పుడు సాధువులను కాపాడి, దుష్టులను శిక్షించడానికి యుగయుగానా రాక జరుగుతుంది. క్రైస్తవ విశ్వాసంలో రాక ఒక్కసారే. అది దుష్టుల కోసం కూడా. పునరుత్థానం తర్వాత కూడా క్రీస్తు మానవస్వభావాన్ని వదిలిపెట్టలేదు. అయితే తేడాలు చూపి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. గుహుణ్ణి కౌగిలించుకున్న, శబరి ఇచ్చిన పండు తిన్న రాముడిలో శ్రీవైష్ణవులు సౌలభ్యం, సౌశీల్యం అనే గుణాలు చూస్తారు. పెద్దవాడు చిన్నవారితో అరమరికలు లేకుండా కలవడమే ఆ గుణం. ఫిలిప్పీ పత్రిక చెప్పే రిక్తతకు తెలుగు నేల మీద అంతకంటే దగ్గరి భావం దొరకదు. ఏకేశ్వరుడికి పుట్టుక అంటగట్టడం తగదని ముస్లింలు, యూదులు చేసే అభ్యంతరం వేరే తరహాది. అన్సెల్మ్ కాలం నాటి ఆక్షేపణ అదే, ఇంకా బలంగానే ఉంది.

ఈ చర్చను లోతుగా నడిపిన తెలుగువాడు నెల్లూరులో పుట్టిన పాండిపెద్ది చెంచయ్య (1886–1959). న్యాయవాది, పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. బంధువు వెంగల్ చక్కరై యేసును అవతారంగా వివరిస్తూ పుస్తకం రాశాడు. చెంచయ్య, చక్కరై, మరికొందరు కలిసి 1938లో తాంబరం మిషనరీ మహాసభకు ముందు 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' అనే సంపుటి తెచ్చారు. దేవుడు మనిషి అయింది బాకీ తీర్చి వెళ్లిపోవడానికి కాదని చెంచయ్య వాదం. క్రీస్తుతో సృష్టిలో ఒక కొత్త మనిషి పుట్టాడు, పరిశుద్ధాత్మ ఆ కొత్త జీవాన్ని అందరిలోకీ ప్రసరింపజేసే శక్తి అంటాడు. ఆయన ఆలోచన అన్సెల్మ్‌కు దూరం, ఇరేనియస్‌కు, స్కోటస్‌కు దగ్గర. మన సంఘాల పల్పిట్ల మీద చెంచయ్య పేరు వినిపించకపోవడం తెలుగు క్రైస్తవానికి నష్టం.

కవిత్వంలో

పద్దెనిమిదో శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అనే పద్యకావ్యంలో క్రీస్తు చరిత్ర చెప్పాడు. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ద్వారా ఊరూరా చేరాయి. తెలుగు క్రైస్తవుడు వేదాంతాన్ని ఎక్కువగా నేర్చుకున్నది ఈ పాటల నుంచే. డిసెంబరు చలిలో సెమీ క్రిస్మస్ కూటాలకు, ఇంటింటి క్యారల్స్‌కు, రంగు కాగితాల నక్షత్రం వెనుక డప్పుతో నడిచే పిల్లలకు నరావతారం పాడుకునే విషయం. పశువుల పాక బొమ్మకు ఎండుగడ్డి నిజంగా ఏ ఇంటి వాము నుంచో వస్తుంది. బాలయేసు మన ఊరి గడ్డి మీదే పడుకుంటాడు.

వినుకొండలో పుట్టి, పశువుల మధ్య పుట్టిన దేవుణ్ణీ పంచముడి ఆకలినీ రెంటినీ ఎరిగిన గుర్రం జాషువా తన చివరి దశలో 'క్రీస్తు చరిత్ర' రాశాడు. అంటరానితనం అనుభవించిన కవి ఛందోబద్ధమైన తెలుగులో ఆ కథ చెప్పడం నరావతార విశ్వాసానికి ఈ మైదానం ఇచ్చిన అతి పెద్ద సాక్ష్యం. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు లభించింది.